తప్పని అప్పుడే తెలుసు

(బెర్లిన్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత ఎండ కాసిన ఆదివారం ఇది. అయినా ఇంతమంది వచ్చి కూచున్నారు, సంతోషం.

ఈ మధ్య మనవాళ్లు చాలామంది జర్మన్ పౌరసత్వానికి దరఖాస్తు పెడుతున్నారు. 2024 జూన్‌లో కొత్త చట్టం వచ్చాక ఐదేళ్లు ఉంటే చాలు కదా. ఆ కాగితాల్లో మనం సంతకం చేయాల్సిన హామీ ఒకటి ఉంటుంది. నాజీల అన్యాయ పాలన వల్ల, దాని పర్యవసానాల వల్ల జర్మనీ మీద ఉన్న ప్రత్యేక చారిత్రక బాధ్యతను ఒప్పుకుంటున్నాను అని. ఉండాల్సిన హామీయే, మనస్ఫూర్తిగా పెట్టాల్సిన సంతకమే. కాకపోతే ఆ కాగితం ప్రకారం జర్మనీ నేరాల లెక్క 1933లో మొదలవుతుంది. అంతకు ముప్పై ఏళ్ల ముందు ఆఫ్రికాలో ఇదే దేశం చేసిన పని గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఇప్పటి నమీబియాలో హెరెరో, నామా అనే రెండు జాతుల ప్రజలను జర్మన్ సైన్యం మట్టుబెట్టిన కథ అది. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

మన బెర్లిన్‌లో వెడ్డింగ్ వైపు ఉండేవాళ్లకు ఆఫ్రికానిషెస్ ఫియర్టెల్, అంటే ఆఫ్రికా పేట, తెలిసే ఉంటుంది. ఆ పేటలో చాలా వీధులకు ఆఫ్రికా పేర్లు: టోగో, కామెరూన్, నమీబియా రాజధాని విండ్‌హూక్. అక్కడ 2022 డిసెంబర్ దాకా లూడెరిట్జ్ పేరుతో ఒక వీధి ఉండేది. ఇప్పుడు దాని పేరు కొర్నేలియస్ ఫ్రెడరిక్స్ వీధి. ఈ రెండు పేర్లకూ ఉన్న సంబంధం చెబితే సగం చరిత్ర చెప్పినట్టే.

అడాల్ఫ్ లూడెరిట్జ్ బ్రేమెన్ నగరానికి చెందిన పొగాకు వ్యాపారి. 1883లో ఆయన ఏజెంటు ఇప్పటి నమీబియా తీరంలో దిగి, బెథానీ ప్రాంతపు నామా ప్రజల పెద్ద జోసెఫ్ ఫ్రెడరిక్స్ దగ్గర భూమి కొన్నాడు. కొంత డబ్బు, కొన్ని తుపాకులు ఇచ్చాడు. సముద్రం నుంచి లోపలికి 20 మైళ్ల వెడల్పున భూమి ఇస్తున్నట్టు పత్రం రాసుకున్నారు. ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన మైలు ఇంగ్లీషు మైలు, అంటే 1.6 కిలోమీటర్లు. జోసెఫ్ ఫ్రెడరిక్స్ దాదాపు 32 కిలోమీటర్ల వెడల్పు ఇస్తున్నాననుకున్నాడు. సంతకాలయ్యాక లూడెరిట్జ్, పత్రంలో రాసింది జర్మన్ భౌగోళిక మైలు అన్నాడు. అది 7.4 కిలోమీటర్లు. 20 మైళ్లంటే దగ్గర దగ్గర 148 కిలోమీటర్లు! ఆ పెద్దమనిషి తన జనం కాళ్ల కింది నేలంతా తెలియకుండానే రాసిచ్చేశాడు. ఇది పొరపాటున జరిగింది కాదు, తెలిసి చేసిన మోసమని ఆ ఒప్పందం నడిపినవాళ్ల ఉత్తరాల్లోనే బయటపడింది. మరుసటి ఏడాది, 1884లో, జర్మన్ ప్రభుత్వం ఆ భూమికి తన రక్షణ ప్రకటించింది. జర్మన్ నైరుతి ఆఫ్రికా అనే వలస అలా పుట్టింది.

దొంగ కొలతతో మొదలైన పాలన అది. తర్వాత జరిగినదంతా వింటున్నప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఈ కథ మొదట్లో ఉన్నదీ భూమే, ఇప్పటికీ తేలకుండా ఉన్నదీ భూమే.

మధ్య ప్రాంతంలో హెరెరోలు ఉండేవారు. పశువుల మీద బతికే జనం. పశువులే ఆస్తి, పశువులే పరువు. దక్షిణాన నామాలు. వాళ్లలో హెండ్రిక్ విట్‌బూయ్ అనే నాయకుడు చదువుకున్నవాడు, గట్టి క్రైస్తవుడు. ఉత్తరాలు రాసేవాడు, వచ్చినవాటికీ పంపినవాటికీ నకళ్లు దాచుకునేవాడు. ఇంకొకరి రక్షణ కిందికి పోయినవాడు తన నేల మీద తాను పెద్దగా మిగలడని తోటి నాయకులను హెచ్చరించాడు. జర్మన్ రక్షణ ఒప్పందానికి ఒప్పుకోలేదు. 1893 ఏప్రిల్‌లో కుర్ట్ ఫాన్ ఫ్రాన్సువా అనే కెప్టెన్ సైన్యంతో వెళ్లి, హోర్న్‌క్రాన్స్‌లో ఉన్న విట్‌బూయ్ మకాం మీద తెల్లవారుజామున కాల్పులు జరిపించాడు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. విట్‌బూయ్ తప్పించుకున్నాడు. అతని బైబిల్, కొరడా సైనికుల చేతికి చిక్కాయి. ఆ రెండు వస్తువుల సంగతి మళ్లీ వస్తుంది.

1897లో పశువులకు రిండర్‌పెస్ట్ అనే జబ్బు వచ్చింది. హెరెరోల మందలు కుప్పకూలిపోయాయి. ఇక అప్పులు. జర్మన్ వర్తకులు సరుకులు అరువిచ్చి, బాకీ కింద పశువులను తోలుకుపోయేవారు, తర్వాత పొలాలు. 1903లో ప్రభుత్వం, ఏడాదిలోగా వసూలు కాని బాకీలు చెల్లవని నిబంధన తెచ్చింది. పైకి చూస్తే మంచి నిబంధనే. కానీ గడువు ముంచుకొస్తోందని వర్తకులంతా ఒక్కసారిగా వసూళ్లకు ఎగబడ్డారు. దౌర్జన్యాలు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు, వాటికి శిక్షలు లేకపోవడం, పశువుల మేత భూముల మీదుగా రైలు మార్గం. ఇంత మంట రాజేసి అది అంటుకోదని ఎవరైనా ఎలా అనుకున్నారో!

1904 జనవరి 12న ఒకహాండ్యాలో హెరెరోలు తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు శామ్యూల్ మహారెరో. ఆడవాళ్లను, పిల్లలను, మిషనరీలను ముట్టుకోవద్దని ఆయన ఆదేశం ఇచ్చాడు. నూట ఇరవై మందికి పైగా జర్మన్లు చనిపోయారు, దాదాపు అందరూ మగవాళ్లే. అక్కడి గవర్నర్ లాయిట్‌వైన్ మాట్లాడి సర్దుబాటు చేసుకుందామన్న మనిషి. అతని దగ్గర మంచితనం పొంగిపొర్లిందని కాదు, పని చేయడానికి మనుషులు కావాలి కదా అన్నది అతని లెక్క. బెర్లిన్‌కు ఆ ఓపిక లేదు. సైన్యాధికారం తీసి లోథార్ ఫాన్ ట్రోటాకు ఇచ్చారు. అంతకుముందు తూర్పు ఆఫ్రికాలో, చైనాలో తిరుగుబాట్లను అణచివేసి పేరు తెచ్చుకున్నవాడు.

ఆగస్టు 11న వాటర్‌బర్గ్ దగ్గర యుద్ధం. హెరెరోలు అక్కడ కుటుంబాలతో, మిగిలిన మందలతో మకాం వేసి ఉన్నారు. ట్రోటా సేనలు చుట్టుముట్టాయి. ఆగ్నేయం వైపు ఒక్క దారి బలహీనంగా ఉంది. జనం అటే తెంచుకుని పోయారు. ఆ దారి పోయేది ఒమహేకె అనే ఎడారిలోకి. వెనకాల సైన్యం తరుముతూ వచ్చి నీటి గుంటలను ఆక్రమించి, కాపలా పెట్టింది. నీళ్ల కోసం జనం ఇసుకలో చేతులతో తవ్విన గుంతలు, వాటి చుట్టూ పడి ఉన్న శవాలు తర్వాత గస్తీ తిరిగిన దళాలకు కనిపించాయి. అక్టోబర్ 2న ట్రోటా ఒక ఉత్తర్వు చదివించాడు. దాని సారాంశం ఇది: హెరెరోలు ఇక జర్మన్ ప్రజలు కారు. జర్మన్ సరిహద్దు లోపల కనిపించిన ప్రతి హెరెరోనూ, తుపాకీ ఉన్నా లేకున్నా, పశువులు ఉన్నా లేకున్నా, కాల్చేస్తాం. ఆడవాళ్లను, పిల్లలను కూడా ఇక దగ్గరికి రానివ్వను. వాళ్ల జనం దగ్గరికే తరిమేస్తాను, లేదంటే వాళ్ల మీదా కాల్పులు జరిపిస్తాను. కింద సంతకం. ఇది ఎవరో తర్వాత ఊహించి రాసిన అభియోగం కాదు. ఒక సేనాధిపతి తన పేరుతో ఇచ్చిన ఉత్తర్వు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ చర్చ ఎప్పుడు వచ్చినా జర్మన్ ప్రభుత్వం ఒక వాదన ముందు పెడుతుంది. జాతి విధ్వంస నేరానికి అంతర్జాతీయ ఒడంబడిక 1948లో వచ్చింది, 1904లో ఆ చట్టం లేదు, కాబట్టి ఈనాటి దృష్టితో చూస్తే అది జాతి విధ్వంసమే గానీ చట్టపరంగా పరిహారం బాధ్యత రాదు, అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ కాలపు మనుషులను ఈ కాలపు కొలతతో కొలవకూడదు అనిపిస్తుంది.

సరే, ఆ కాలపు కొలతతోనే కొలుద్దాం. 1899లో హేగ్‌లో దేశాలన్నీ కూచుని యుద్ధ నియమాలు రాసుకున్నాయి. ఎవరినీ ప్రాణాలతో వదలబోమని ప్రకటించడం నిషేధం అని అందులో ఉంది. జర్మనీ దానికి ఒప్పుకున్న దేశమే. ట్రోటా ఉత్తర్వు బెర్లిన్ చేరాక చాన్సలర్ బ్యూలోవ్ స్వయంగా చక్రవర్తి కైజర్‌తో, ఇది క్రైస్తవ ధర్మానికీ మానవత్వానికీ విరుద్ధమని, జర్మనీ పరువు పోతుందని చెప్పాడు. డిసెంబర్‌లో ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ఎడారిలో జనం పిట్టల్లా రాలిపోయారు, అది వేరే సంగతి. పార్లమెంటులో సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఆగస్ట్ బేబెల్ ఈ యుద్ధాన్ని నిలదీశాడు. యుద్ధానికి ఇంకా డబ్బు ఇవ్వడానికి పార్లమెంటు ఒప్పుకోకపోతే, 1906 డిసెంబర్‌లో సభనే రద్దు చేసి ఎన్నికలు పెట్టారు. దేశభక్తి ప్రచారంతో ఊదరగొట్టారు. బేబెల్ పార్టీ సీట్లు 81 నుంచి 43కు పడిపోయాయి. అంటే జర్మనీలో అందరికీ తెలుసు. పత్రికల్లో వచ్చింది, ఓట్లు పడ్డాయి. తప్పని చెప్పినవాళ్లు ఉన్నారు. విని కూడా చేశారు.

మరి హేగ్ నియమాలు వర్తించవా అంటే, అవి 'నాగరిక' రాజ్యాల మధ్య ఒప్పందాలు, హెరెరోలు, నామాలు అందులో భాగస్వాములు కారు అన్నది జవాబు. 1904లో ఆ మాట అన్నారంటే అర్థమవుతుంది. వాళ్లను మనుషులుగా లెక్కవేయని చట్టాన్నే పట్టుకుని, ఇప్పుడు ఆ చట్టం ప్రకారం మీకు హక్కు లేదనడం నాకు మింగుడుపడదు. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకులు కూడా 2023లో జర్మనీ, నమీబియా ప్రభుత్వాలు రెంటికీ లేఖ రాసి ఈ వాదనను తప్పుబట్టారు.

ఉత్తర్వు రద్దయ్యాక శిబిరాలు వచ్చాయి. విండ్‌హూక్, ఒకహాండ్యా, కరిబిబ్, స్వాకోప్‌ముండ్, లూడెరిట్జ్. బతికి బయటపడ్డ హెరెరోలను, 1904 అక్టోబర్‌లో తామూ తిరగబడి తర్వాత లొంగిపోయిన నామాలను వీటిలో పెట్టారు. హెండ్రిక్ విట్‌బూయ్ 1905 అక్టోబర్‌లో యుద్ధంలోనే గాయపడి చనిపోయాడు. అప్పటికి ఆయనకు దాదాపు డెబ్బై ఐదేళ్లు.

వీటన్నిటిలో ఘోరమైంది లూడెరిట్జ్ రేవు పక్కనున్న షార్క్ ఐలాండ్. రాతి గుట్ట. ఒక పక్క అట్లాంటిక్ చలిగాలి, తడి. ఎడారిలో పుట్టి పెరిగిన మనుషులను, గోనెసంచులు కప్పుకున్నవాళ్లను, అక్కడ గుడారాల్లో ఉంచారు. పశువుల పాలు, మాంసం అలవాటైన జనానికి సరిగా ఉడకని బియ్యం ఇచ్చారు. స్కర్వీ, టైఫాయిడ్. అలాంటి ఒంటితో రేవులో రాళ్లు మోయించారు, రైలు పట్టాలు వేయించారు. 1906 సెప్టెంబర్ నుంచి అక్కడ ఉంచిన 1,795 మందిలో మరుసటి ఏప్రిల్‌కు 1,032 మంది చనిపోయారు. ఈ లెక్క జర్మన్ అధికారి ఎస్టోర్ఫ్ ఇచ్చిందే. అతను ఆ సంఖ్య పంపుతూ, ఇలాంటి తలారి పనికి నా అధికారులను పెట్టను అని తేల్చిచెప్పి, మిగిలినవాళ్లను అక్కడినుంచి తరలించాడు. చూడండి, అదే సైన్యంలో, అదే సంవత్సరం, ఒక అధికారికి ఇది తలారి పని అని తెలిసింది.

బెథానీ నామాల నాయకుడు కొర్నేలియస్ ఫ్రెడరిక్స్ 1907 ఫిబ్రవరిలో ఆ దీవిలోనే ప్రాణం విడిచాడు. దొంగ మైళ్లతో భూమి పోగొట్టుకున్న జనం వాళ్లే. చనిపోయిన చోటు ఆ భూమి లాక్కున్నవాడి పేరు పెట్టుకున్న ఊరు. వెడ్డింగ్‌లో వీధి పేరు మార్చాలని ఏళ్ల తరబడి పోరాడినవాళ్లు ఆ పేరే ఎందుకు ఎంచుకున్నారో ఇప్పుడు తెలిసింది కదా.

మొత్తం మీద యుద్ధానికి ముందు 80,000 దాకా ఉన్న హెరెరోల్లో 65,000 మంది పోయారని, 20,000 మంది నామాల్లో సగం మంది పోయారని ఎక్కువగా చెప్పే అంచనా. మిగిలినవాళ్లకు 1907లో కొత్త నిబంధనలు: భూమి ఉండకూడదు, పశువులు పెంచుకోవాలంటే గవర్నర్ అనుమతి కావాలి, ఏడేళ్లు దాటిన ప్రతి నల్లజాతి మనిషీ నంబరు వేసిన లోహపు బిళ్ల మెడలో వేసుకుని తిరగాలి. ఏడేళ్ల పిల్లాడి మెడలో నంబరు! దీనికంటే ముందే, 1905 డిసెంబర్‌లో, హెరెరోల భూములను ప్రభుత్వం చట్టబద్ధంగా స్వాధీనం చేసుకుంది. తర్వాత నామాలవి. ఆ భూములు జర్మన్ కుటుంబాలకు పొలాలుగా పోయాయి.

ఇంకొక్క విషయం చెప్పకుండా ముందుకు పోలేను. పిల్లలు ఉన్నారు, అయినా చెప్పాలి. శిబిరాల్లో చనిపోయినవాళ్ల తలలను బెర్లిన్‌కు పంపేవారు. పంపే ముందు వాటిని శుభ్రం చేయాలి. ఆ పని ఖైదీలుగా ఉన్న ఆడవాళ్లకు అప్పగించారు. తలలను నీళ్లలో ఉడికించి, గాజు పెంకులతో మాంసం గీకించారు. అవి వాళ్ల భర్తలవో, అన్నదమ్ములవో అయి ఉండొచ్చు. వాటిని పెట్టెల్లో సర్దుతున్న సైనికుల బొమ్మను అప్పట్లో పోస్టుకార్డు మీద అచ్చువేశారు. ఈ పుర్రెలు ఇదే ఊళ్లో, మనం ఒంట్లో బాగాలేకపోతే వెళ్లే షారిటే ఆసుపత్రి సేకరణల్లో వందేళ్లు ఉన్నాయి. 1908లో నమీబియాలోని రెహోబోత్‌కు వెళ్లి నల్ల, తెల్ల జాతుల మిశ్రమ కుటుంబాల పిల్లల తలలు కొలిచిన ఆయిగన్ ఫిషర్, 1927లో బెర్లిన్‌లో మానవశాస్త్ర సంస్థకు డైరెక్టరయ్యాడు, నాజీలు వచ్చాక బెర్లిన్ విశ్వవిద్యాలయ అధిపతి అయ్యాడు. నమీబియా నుంచి నాజీల మారణ శిబిరం ఆష్‌విట్జ్‌కు తిన్నగా గీత గీయగలమని నేను అనను. చరిత్రకారులే దాని మీద గట్టిగా వాదించుకుంటున్నారు. కానీ మనుషులు అటు నుంచి ఇటు నడిచారు, ఆ కొలతల పుస్తకాలు చంకన పెట్టుకుని మరీ నడిచారు. ఇది మాత్రం ఎవరూ కాదనలేరు.

షారిటే నుంచి మొదటి 20 పుర్రెలు 2011లో వెనక్కి వెళ్లాయి. ఆ కార్యక్రమంలో జర్మన్ ప్రభుత్వం తరఫున వచ్చిన మంత్రి క్షమాపణ చెప్పలేదు. సభలో నిరసన రేగింది, నమీబియా ప్రతినిధులు మాట్లాడకముందే ఆమె వెళ్లిపోయారు. తర్వాత 2014లో, 2018లో మరికొన్ని అప్పగించారు. పుర్రెలు విండ్‌హూక్ చేరాయి, చాలావరకు మ్యూజియంలో భద్రపరిచారు. ఎక్కడ పాతిపెట్టాలి, ఏ ఆచారంతో, పేర్లు తెలియని మనుషులకు ఎవరు కర్మకాండ చేయాలి, ఈ ప్రశ్నలకు సులువైన జవాబులు లేవు.

జర్మనీ ఓడిపోయాక ఏమైందో కూడా చూడాలి. 1915లో దక్షిణాఫ్రికా సైన్యం ఆ దేశాన్ని పట్టుకుంది. 1918లో బ్రిటిష్ వాళ్లు జర్మన్ అకృత్యాల మీద సాక్ష్యాలు పోగుచేసి ఒక నివేదిక అచ్చువేశారు. బతికి ఉన్న హెరెరోలు, నామాలు ప్రమాణం చేసి చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. జర్మనీకి వలసలు తిరిగి ఇవ్వకూడదని చూపించడం వాళ్ల అవసరం, నిజమే. అయినా సాక్ష్యం సాక్ష్యమే. 1926లో అక్కడి తెల్లవాళ్ల శాసనసభ ఆ నివేదిక ప్రతులను నాశనం చేయాలని తీర్మానించింది. జర్మన్ తెల్లవాళ్లు, దక్షిణాఫ్రికా తెల్లవాళ్లు కలిసిమెలిసి ఉండాలంటే అది అడ్డమట. తర్వాత వర్ణవివక్ష పాలన. 1990 మార్చి 21న స్వాతంత్ర్యం వచ్చేదాకా ఈ జనానికి తమ చావుల గురించి అడిగే వేదికే లేదు. ఎప్పుడో జరిగినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నారు అనేవాళ్లకు నా జవాబు ఇది: వాళ్లు అడగడం ఆలస్యం కాలేదు, వాళ్ల నోరు నొక్కిన కాలం అంత పొడవైంది.

2004లో, నూరేళ్లు నిండినప్పుడు, జర్మన్ మంత్రి హైడెమారీ వీచోరెక్-సోయిల్ వాటర్‌బర్గ్ ప్రాంతానికి వెళ్లి క్షమించమని అడిగారు. ప్రభుత్వం మాత్రం అది ఆమె సొంత మాట అన్నట్టు పక్కకు తప్పుకుంది. 2015 నుంచి రెండు ప్రభుత్వాలు చర్చలు జరిపాయి. 2021 మే 28న విదేశాంగ మంత్రి హైకో మాస్ ఫలితం ప్రకటించారు: జాతి విధ్వంసం అని ఒప్పుకుంటాం, క్షమాపణ కోరతాం, 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తాం. అందులో 105 కోట్లు ఏడు ప్రాంతాల్లో అభివృద్ధి పనులకు, 5 కోట్లు జ్ఞాపక కార్యక్రమాలకు, సయోధ్యకు. దీనితో గతానికి సంబంధించిన ఆర్థిక విషయాలన్నీ తీరిపోయినట్టే అని కూడా అందులో రాసుకున్నారు.

ఏడాదికి పడేది నాలుగు కోట్ల యూరోల లోపు. మొత్తం చిన్నదా పెద్దదా అన్నది పక్కన పెట్టండి. నా బాధ ఆ డబ్బు దగ్గర లేదు. ఒక ఊళ్లో పొలం తగాదా వచ్చింది అనుకోండి. పొలం పోయినవాణ్ణి అరుగు కింద నిలబెట్టి, పెద్దమనుషులు, పొలం తీసుకున్నవాడు పైన కూచుని మాట్లాడేసుకుని, ఇదిగో ఊరికి బడి కట్టిస్తున్నాడు, గొడవ ఇంతటితో ముగిసింది అంటే ఎలా ఉంటుంది? బడి మంచిదే. కానీ పొలం ఎవరిదో తేలలేదు, పోయినవాణ్ణి ఎవరూ అడగలేదు.

హెరెరో సంప్రదాయ అధికార సంస్థ, నామా సంప్రదాయ నాయకుల సంఘం మొదటినుంచీ అదే అంటున్నాయి: మమ్మల్ని వదిలేసి మా గురించి ఒప్పందం ఏమిటి? ప్రభుత్వంతో మాట్లాడుతున్నాం కదా అంటుంది జర్మనీ. నమీబియా ప్రభుత్వంలో ఎక్కువ బలం ఉత్తరాది ఒవాంబో ప్రజలది, ఈ యుద్ధం వాళ్ల ప్రాంతంలో జరగలేదు. పైగా ఒమహేకె దాటి ప్రాణాలతో బయటపడ్డ హెరెరోల వారసులు బోట్స్‌వానాలో ఉన్నారు. ఏడు ప్రాంతాల్లో అభివృద్ధి పనులంటే వాళ్లకు ఏం చేరుతుంది? ఆ నాయకులు 2017లో న్యూయార్క్ కోర్టులో జర్మనీ మీద కేసు వేశారు. అధికార పరిధి లేదని 2019లో కొట్టేశారు, అప్పీలు కూడా పోయింది. 2023 జనవరిలో ఈ ఒప్పందం చెల్లదంటూ విండ్‌హూక్ హైకోర్టుకు వెళ్లారు.

విట్‌బూయ్ బైబిల్, కొరడా సంగతి చెప్తానన్నాను. అవి స్టుట్‌గార్ట్‌లోని లిండెన్ మ్యూజియంలో వందేళ్లకు పైగా ఉన్నాయి. 2019 ఫిబ్రవరిలో బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్ర మంత్రి స్వయంగా నమీబియాలోని గిబియోన్‌కు తీసుకెళ్లి అప్పగించారు. మంచి పని, మనసుకు హాయిగా అనిపించే పని. కానీ ఎవరికి అప్పగించాలి అన్నదాని మీద అక్కడే చిక్కు. నామా నాయకుల సంఘం ఆ రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లి, అవి ప్రభుత్వానివి కావు, ఆ కుటుంబానివి, మా ప్రజలవి అంది. కోర్టు ఆపలేదు. వస్తువులు నమీబియా అధ్యక్షుడి చేతికి వెళ్లాయి. 2021 ఒప్పందంలో జరిగిన తప్పు రెండేళ్ల ముందే ఈ బైబిల్ దగ్గర ఒక చిన్న రూపంలో కనిపించింది. ఎవరూ పాఠం నేర్చుకోలేదు.

ఇప్పుడు భూమి. 2018 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం నమీబియాలో పట్టా ఉన్న వ్యవసాయ భూమిలో 70 శాతం తెల్లజాతి రైతుల చేతిలో ఉంది. వాళ్లు జనాభాలో గుప్పెడు మంది. అమ్మేవాడు ఇష్టపడితే కొనేవాడు కొనొచ్చు అనే పద్ధతిలో ప్రభుత్వం స్వాతంత్ర్యం తర్వాత పంచుతూ వచ్చింది. చాలా నెమ్మదిగా సాగింది. పంచిన భూమి కూడా పోగొట్టుకున్నవాళ్లకే వెళ్లాలన్న నియమం లేదు. ఈ రోజు అక్కడ పొలం చేసుకుంటున్న జర్మన్ రైతును ట్రోటాతో సమానం అనడం అన్యాయం. ఆయన తాత కొనుక్కున్నాడు, తండ్రి చెమటోడ్చాడు. కానీ మొట్టమొదటి పత్రం 1905 నాటి స్వాధీన చట్టం మీద నిలబడింది. భూమి కొని, పోగొట్టుకున్నవాళ్ల వారసులకు ఇవ్వడానికి జర్మనీ నేరుగా డబ్బు పెట్టొచ్చు. అమ్మడానికి సిద్ధంగా ఉన్న రైతులున్నారు. నేను ఈ విషయంలో ఒకే ఒక్కటి అడగగలిగితే ఇదే అడుగుతాను. రోడ్లు, నీటి పథకాలు ఏ సహాయ నిధితోనైనా వస్తాయి. భూమి మాత్రం ఈ బాకీ తీర్చే దారిలోనే రావాలి.

మన ఊరి విషయాలు రెండు చెప్పి ముగింపు వైపు వెళ్తాను. అదే ఆఫ్రికానిషెస్ ఫియర్టెల్‌లో పేటర్స్ పేరుతో ఒక రోడ్డు ఉండేది. కార్ల్ పేటర్స్ తూర్పు ఆఫ్రికాలో క్రూరత్వానికి పేరు మోసినవాడు. ఆ కాలంలోనే జర్మన్ ప్రభుత్వం ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేసిందంటే చూసుకోండి. 1986లో ఒత్తిడి వచ్చినప్పుడు అధికారులు పేరు మార్చలేదు. ఇక నుంచి ఈ రోడ్డు హాన్స్ పేటర్స్ అనే వేరే మంచి మనిషి పేరున ఉన్నట్టు అని ప్రకటించి, చేతులు దులుపుకున్నారు. 2024 ఆగస్టులో గానీ అది మారలేదు. ఇప్పుడు ఒక భాగం పేరు అన్నా ముంగుండా, నమీబియా స్వాతంత్ర్య పోరాటంలో ప్రాణమిచ్చిన హెరెరో మహిళ; ఇంకో భాగం పేరు మాజీ మాజీ. మాజీ మాజీ అంటే 1905-07లో ఇప్పటి టాంజానియాలో జర్మన్ల మీద లేచిన తిరుగుబాటు. అక్కడ సైన్యం పంటలు తగలబెట్టి కరువు సృష్టించింది, మూడు లక్షల దాకా పోయారని అంచనా. 2023 నవంబర్‌లో జర్మన్ అధ్యక్షుడు ష్టైన్‌మైయర్ టాంజానియాలోని సోంగియా వెళ్లి క్షమించమని అడిగారు.

రెండోది, టెంపెల్‌హోఫ్ మైదానం పక్కన, కొలుంబియాడమ్‌లో పాత సైనిక శ్మశానం ఉంది. అందులో హెరెరో రాయి అని ఒక పెద్ద బండ. 1907 నాటిది. అది హెరెరోల కోసం కాదు, వాళ్లను చంపడానికి స్వచ్ఛందంగా వెళ్లి చనిపోయిన ఏడుగురు జర్మన్ సైనికుల కోసం. 2009లో దాని ముందు నేల మీద ఒక ఫలకం పెట్టారు, నమీబియాలో జర్మన్ వలస పాలన బాధితుల జ్ఞాపకార్థం అని. సైనికుల రాయి నిలువెత్తు, బాధితుల ఫలకం కాళ్ల దగ్గర. జాతి విధ్వంసం అన్న మాట దాని మీద లేదు. ఇంత పెద్ద రాజధానిలో కోట్లాది మందికి కనిపించే చోట ఈ చావులకు ఒక స్మారకం కట్టలేరా? హోలోకాస్ట్ స్మారకం నగరం నడిబొడ్డున కట్టిన దేశానికి, అది ఎలా కట్టాలో తెలియక కాదు.

ఇప్పటి సంగతి. 2025 నుంచి నమీబియా మే 28ని జాతి విధ్వంస స్మృతి దినంగా పాటిస్తోంది. 1907లో శిబిరాలు మూసేయాలని ఆదేశం వచ్చిన తేదీ అది. 2021లో కుదిరిన ఒప్పందాన్ని ఒక సంయుక్త ప్రకటనగా రాసుకున్నారు, దాని మీద సంతకాల కోసం ఏళ్లు గడిచాయి. ఈలోగా లూడెరిట్జ్ చుట్టుపక్కల కొత్త హడావిడి మొదలైంది. అక్కడ గాలి, ఎండ బాగా ఉన్నాయి కాబట్టి గ్రీన్ హైడ్రోజన్ తయారు చేసి యూరప్‌కు పంపాలని పెద్ద ప్రాజెక్టు, అందులో జర్మన్ కంపెనీకీ వాటా. దానికి రేవును విస్తరించాలి. రేవు విస్తరించేది షార్క్ ఐలాండ్ వైపు. ఆ దీవి ఇప్పటిదాకా టూరిస్టులు టెంట్లు వేసుకునే క్యాంప్‌సైట్‌గా ఉంది, అదే ఒక అవమానం. అక్కడ గుర్తులేని సమాధులు ఉన్నాయని, శవాలను సముద్రంలోకి కూడా వేశారు కాబట్టి రేవు నీళ్ల అడుగున అవశేషాలు ఉండొచ్చని పరిశోధకులు చెబుతున్నారు. పూర్తిగా సర్వే అయ్యేవరకు తవ్వకాలు ఆపమని నామా నాయకులు కోరుతున్నారు.

మీలో కొందరు ఎనర్జీ కంపెనీల్లో పనిచేస్తున్నారు, నాకు తెలుసు. ఇంకొందరు ఇప్పుడో రేపో ఇక్కడ ఓటర్లు. మీ నియోజకవర్గం ఎంపీకి ఒక మెయిల్ రాయడానికి పది నిమిషాలు చాలు. రెండే ప్రశ్నలు అడగండి. షార్క్ ఐలాండ్‌లో సర్వే పూర్తికాకుండా రేవు పనులకు జర్మన్ డబ్బు వెళ్తుందా? హెరెరోలు, నామాలు తామే ఎన్నుకున్న ప్రతినిధులు చర్చల బల్ల దగ్గర కూచునే దాకా ఆ ప్రకటన మీద సంతకం ఆపుతారా? జవాబు వస్తే నాకు పంపండి. వచ్చే నెల సమావేశంలో అందరం కలిసి చదువుదాం. ఇప్పుడు మీ ప్రశ్నలు చెప్పండి.